వంద బిందెల కోత

కిల్లో సుభద్ర భీమునిపట్నం వచ్చిన మధ్యాహ్నం నియంత్రణ కేంద్రంలో పెద్దగా సందడి లేదు. మార్చి నెల. మబ్బుల్లోకి ఉప్పు ధూళి ఊదే నూట నలభై ఉప్పునావలూ తీరానికి దూరంగా లంగరు వేసుకుని ఉన్నాయి. కేంద్రం డైరెక్టరు డాక్టర్ హంపమ్మ పార్లమెంటు స్థాయీ సంఘం పంపిన ప్రశ్నలకు జవాబులు దిద్దుకుంటోంది. ఎవరో ఎంపీ గారు చెప్పకుండా వచ్చారని కబురు రాగానే లేచి ఎదురెళ్లింది.

వచ్చినావిడకు నలభై దాటి ఉంటాయి. మన్యం నుంచి మొదటిసారి గెలిచిన సభ్యురాలు, అధికార కూటమి మనిషి. అంతకుముందు పద్దెనిమిదేళ్లు కొండ గ్రామాల్లో నర్సుగా తిరిగింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీరే కదండీ మేడమ్, వాన పంచేది?"

"నేను పంచనమ్మా. సభ పంచుతుంది. సభ చెప్పిన చోటికి నేను జరుపుతానంతే."

"సభలో నేనూ ఉన్నానండి. కిందటేడు అందరితో పాటు నేనూ చెయ్యెత్తేను. మా వాన ఎవరికి ఇచ్చీసేనో నాకే తెలీలేదు. అది అడుగుదామనే వచ్చేను. మాది ఎక్కడికెళ్లిపోతంది?"

హంపమ్మ ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లింది. బడి పిల్లలు వచ్చినప్పుడు చూపించడానికి అక్కడ ఒక గాజుపెట్టె ఉంది. అందులోకి ఆవిరి వదిలితే చిన్న మబ్బు తయారవుతుంది. హంపమ్మ ముందు ముతక ఉప్పు ధూళి ఊదింది. మబ్బు చూస్తుండగానే బరువెక్కి, చినుకులై అడుగున పడింది. మళ్లీ ఆవిరి వదిలి, ఈసారి పొగకంటే సన్నని ఉప్పు ఊదింది. మబ్బు తెల్లగా చిక్కబడింది గానీ ఒక్క చుక్కా రాలలేదు. పెట్టె ఈ కొస నుంచి ఆ కొసకు అలాగే పాకింది.

"రేణువులు మరీ ఎక్కువైతే ఉన్న తేమ అన్నిటికీ చాలదు. ఏ చుక్కా కురిసేంత పెద్దది కాదు. మబ్బు నీళ్లు మోసుకుంటూ ముందుకు పోతుంది" అంది హంపమ్మ.

సుభద్ర గాజు మీద వేలు పెట్టి ఆ తెల్లదనాన్ని చూసింది. "మా కొండల మీద వేసేది ఈ సన్నదేనా అండి?"

"అవును. మీ కొండలు దాటేదాకా కురవకూడదు గదా."

అన్నాక గానీ ఆ మాట తన చెవిన పడలేదు హంపమ్మకు. సుభద్ర మాత్రం కోపపడలేదు. "ఒకసారి మా దబ్బగరువు రండి మేడమ్. మీరొస్తే చాలు, నేనేం మాట్లాడను" అంది.

హంపమ్మ కనిపెట్టిన ఈ పద్ధతి వాడుకలోకి వచ్చి పదకొండేళ్లయింది. కొత్త వానను ఎవరూ పుట్టించలేరు. ఒకరి మీద కురవాల్సినదాన్ని ఇంకొకరి మీదికి జరపడమే. అందుకే మొదటి ఏడాదే చట్టం వచ్చింది. సభ ఒప్పుకోనిదే ఖజానా నుంచి రూపాయి తీయకూడదన్నట్టే, సభ ఒప్పుకోనిదే ఆకాశంలో చుక్క జరపకూడదు. ఆ వాక్యం చట్టంలో ఉండాలని పట్టుబట్టింది హంపమ్మే. అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో వర్ష మంత్రి ఒక్కో ప్రాంతానికి ఎంత వాన జరపాలో ఒక్కో పద్దు చొప్పున సభ ముందు పెడతాడు. సభ మూడు వారాలు విరామం తీసుకుంటుంది. ఆలోగా స్థాయీ సంఘం ఆ పద్దులను పరిశీలిస్తుంది. తర్వాత చర్చ, ఓటు, చివరగా వర్ష వినిమయ బిల్లు. ఆ బిల్లు నెగ్గితేనే నావలు కదులుతాయి.

ఏ ప్రాంతం నుంచి ఎంత తీయవచ్చో చెప్పే పట్టిక మాత్రం హంపమ్మ తయారు చేసినదే. అందులో మన్యం కొండల పక్కన 'మిగులు' అని ఉంటుంది.

*

రోడ్డు ఆగిపోయిన చోట జీపు దిగి గంటన్నర నడిచారు. దబ్బగరువులో నలభై రెండిళ్లు. తొమ్మిదింటికి తాళాలు. ఊరి వెనక రాతి సందులో ఊట ఉంది. దాని ముందు పద్నాలుగు బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకామె రాతి గుంటలోకి వంగి సొరకాయ డిప్పతో నీళ్లు తోడుతోంది. డిప్ప నిండడం లేదు. అడుగున చేరినదాన్ని బిందెలో ఒంపి మళ్లీ కాచుకుంటోంది.

హంపమ్మ పక్కన బండ మీద కూర్చుని గడియారం చూసుకుంది. బిందె నిండడానికి నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది.

"మా చిన్నప్పుడు ఇటు గెడ్డ పారీదండి. పిల్లల్ని ఒంటరిగా రానిచ్చేవారు కాదు, కొట్టుకుపోతారని" అంది సుభద్ర. తర్వాత, ఏమీ మాట్లాడనన్న మాట తప్పినందుకు కాబోలు, కొంచెం ఆగింది. "ఇది చాలకపోతే కిందికి దిగాలి. రెండు బిందెలు మోసుకుని ఎక్కాలి. ఈ దారిలో నలుగురికి కడుపులు పోయేయి మేడమ్. రిజిస్టర్లో 'జారి పడుట' అని రాసింది నేనే. ఇంకేటి రాయను?"

డిప్పతో తోడుతున్నామె తలెత్తి హంపమ్మను చూసింది. "ఈవిడెవరమ్మా? బోరు వేసే ఆఫీసరా?"

"కాదు పిన్నీ. వాన ఆఫీసరు."

ఆమె నవ్వింది. వానకు ఆఫీసరేమిటన్నట్టు చూసి మళ్లీ పనిలో పడింది.

హంపమ్మ లేచి ఊట పైన ఉన్న వాలు ఎక్కింది. చెట్ల కింద ఆకుల పొర తీసి చేత్తో మట్టి తవ్వింది. మోచేతి దాకా పోయినా తేమ తగల్లేదు. అక్కడే చాలాసేపు కూర్చుంది. జూలైలో ఈ కొండల మీద రోజుల తరబడి పడే సన్న తుంపర ఆమెకు బాగా తెలుసు. అది వాగుల్లో పారదు, ఏ జలాశయానికీ చేరదు, కొలతల్లో ఎక్కడా కనిపించదు. కనిపించదు కాబట్టే దాన్ని మిగులు అనుకుంది. పెద్ద వానలు వదిలేసి ఆ తుంపరనే తీసింది. నిజానికి పెద్ద వాన బండల మీంచి జారి సముద్రంలో కలుస్తుంది. మెల్లగా కొండ లోపలికి దిగి, ఏడాది పొడుగునా ఊటై వచ్చేది ఆ తుంపరే.

దిగి వచ్చాక సుభద్రతో అంది. "నేను తప్పు చేశానమ్మా."

చేతికంటిన మట్టి కడుక్కోమని ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. హంపమ్మా అడగలేదు.

*

స్థాయీ సంఘం ముందు సాక్ష్యానికి పది రోజుల గడువుంది. లెక్కలన్నీ మళ్లీ వేసింది. మన్యానికి కనీసం రెండు టీఎంసీల తుంపర వదిలెయ్యాలి. అవి రావలసింది ముప్పై ఒకటో పద్దులోంచి. ఆ పద్దు హగరి నది పక్క మండలాలది. అంటే రాయదుర్గం వైపు, హంపమ్మ పుట్టిన ఊరు హులికుంట ఉన్న చోటు.

ఢిల్లీ వెళ్లే ముందు హులికుంట వెళ్లింది. తమ్ముడు తిప్పేస్వామి దానిమ్మ తోటలో ఉన్నాడు. అక్కను చూసి గట్టు దాటి వచ్చాడు.

"ఏమక్కా, ఫోనన్నా చెయ్యకుండా వచ్చినావు? బాగుండావా?"

హులికుంటలో వాళ్ల చిన్నతనమంతా ఇసుకే. ఎండిన హగరి నుంచి గాలికి లేచిన ఇసుక దిబ్బలు దిబ్బలుగా చేలల్లోకి నడిచి వచ్చేది. పొద్దున లేస్తే తలుపు తెరుచుకునేది కాదు. తల్లి, హంపమ్మ, తిప్పేస్వామి పళ్లేలతో ఇసుక ఎత్తిపోసి బయటికొచ్చేవారు. ఆరెకరాల్లో నాలుగు ఇసుక కింద పోయాయి. హంపమ్మ మబ్బుల చదువు చదివింది ఆ తలుపు ముందు కూర్చునే. పద్దు పాసైన రెండో ఏటికి దిబ్బల మీద గడ్డి మొలిచింది. నాలుగో ఏటికి వేరుశనగ, ఆరో ఏటికి దానిమ్మ. ఊళ్లో తిప్పేస్వామిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. వానమ్మ తమ్ముడంటారు.

హంపమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. మొదట్లో తిప్పేస్వామి తల ఊపుతూ విన్నాడు. రెండు టీఎంసీలనేసరికి ఆగాడు.

"మనదాంట్లోంచా?"

"మనదాంట్లోంచే."

"ఇంగెవురిదన్నా తీయొచ్చు గదక్కా. నలభై ఏడు పద్దులుండాయంట. మనదే కనపడిందా నీకు?"

"వాళ్ల తుంపర వస్తున్నది మనకే స్వామీ. వేరేవాళ్లకు కాదు."

తిప్పేస్వామి దానిమ్మ కొమ్మ వంచి ఆకులు పరీక్షగా చూశాడు. చూడాల్సిందేమీ లేదు. "వాళ్లు కష్టపడతాండారు, ఒప్పుకుంటా. మనం పడ్లేదా? అమ్మ ఇసుక దగ్గుతోనే పోయె. అప్పుడు యా ఆఫీసరు వచ్చినాడు మన కాడికి?"

"నేనొచ్చాను కదా."

"ఆ. నువ్వొచ్చినావు. ఇప్పుడు నువ్వే పోతాండావు."

భార్య రుద్రమ్మ మజ్జిగ తెచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి చెంబు గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

*

సంఘం గదిలో ముప్పై మంది సభ్యులు గుర్రపునాడా ఆకారపు బల్ల చుట్టూ కూర్చుంటారు. సాక్షి కుర్చీ మధ్యలో ఉంటుంది. లోపలికి వెళ్లే ముందు వర్ష శాఖ కార్యదర్శి హంపమ్మను వరండాలో ఆపాడు.

"మేడమ్, లెక్క తప్పని రికార్డులో చెప్పకండి. పునఃపరిశీలనలో ఉందనండి, చాలు. వచ్చే ఏడాది మెల్లగా సర్దుకుందాం."

"వచ్చే ఏడాది దాకా ఆగుతాయా ఊటలు?"

"ప్రభుత్వానికి కావలసిన బలానికి మించి ఏడుగురే ఉన్నారు మేడమ్. మీరు శాస్త్రవేత్త, మీకివన్నీ అనవసరం. నాకు అవసరం."

అధ్యక్షుడు పెద్దాయన. ప్రతిపక్షం వాడైనా గొంతు పెంచని మనిషి. పట్టిక తెరిచి అడిగాడు. "డాక్టర్ గారూ, ఇక్కడ మన్యం మిగులు అని రాశారు. ఈ మిగులుకు ఆధారమేమిటి?"

"ఆధారం లేదండి. అది నా పొరపాటు."

సంఘం గుమస్తా రాత ఆపి తలెత్తాడు. హంపమ్మ ఊట గురించి, మోచేతి లోతు పొడి మట్టి గురించి, నలభై ఎనిమిది నిమిషాల బిందె గురించి చెప్పింది. హగరి పద్దులోంచి రెండు టీఎంసీలు తగ్గించాలని చెప్పింది. "ఆ హగరి ప్రాంతం మా సొంత ఊరే. అది కూడా రికార్డు చేయండి" అంది.

సంఘం నివేదిక ఏకగ్రీవంగా వచ్చింది. హంపమ్మ ఆశపడింది. వర్ష మంత్రి నివేదిక అందుకున్నట్టు సభకు తెలియజేసి, సిఫార్సును వచ్చే ఏడాది పరిశీలిస్తామన్నాడు. సంఘం సలహా ఇవ్వగలదు గానీ పద్దు మార్చలేదు.

ఆ రోజు పార్లమెంటు క్యాంటీన్లో సుభద్ర, హంపమ్మ ఎదురెదురుగా కూర్చున్నారు. సుభద్ర ముందు నియమాల పుస్తకం ఉంది.

"హగరి నుంచి తీసి మాకు రెండు వదలమని నేను సవరణ పెట్టొచ్చా అనడిగేనండి. కుదరదంట. సభ తగ్గించగలదంట గానీ పెంచలేదంట. ఇక్కడిది అక్కడికి మార్చలేదంట. ప్రభుత్వమే అడగాలి, మేం ఔననాలి, లేకపోతే తగ్గించాలి. అంతే."

"అయితే ఏం చేస్తారు?"

"ఇదుందండి." ఆమె వేలు పెట్టి చూపించింది. "ప్రత్యేకమైన బాధ ఒకటి సభ దృష్టికి తేవాలంటే నామమాత్రపు కోత తీర్మానం. డబ్బు పద్దుకైతే వంద రూపాయలు తగ్గించమంటారు. వాన పద్దుకు వంద బిందెలు."

"వంద బిందెలు తగ్గితే హగరికి ఏమవుతుంది? ఏమీ కాదు."

"హగరికేం కాదు. నెగ్గితే ప్రభుత్వానికి అవుతాదండి. ఒక్క బిందె తగ్గినా సభకు నమ్మకం పోయినట్టే లెక్క. అందుకే ఎవరూ నెగ్గనివ్వరు. మంత్రి గారు లేచి ఓ మాటిస్తారు, పెట్టినోళ్లు వెనక్కి తీసుకుంటారు. అదే పద్ధతంట. ఆ మాట కోసమే పెడతన్నాను."

*

నలభై ఏడు పద్దుల్లో ఐదింటి మీదే చర్చ జరిగింది. మిగతావాటికి సమయం చాల్లేదు. గడువు రోజు సాయంత్రం ఐదు గంటలకు స్పీకర్ లేచి, మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండానే ఓటుకు పెడుతున్నట్టు ప్రకటించాడు. ఏటా జరిగేదే. సభ్యులు అప్పటికే సంచులు సర్దుకుంటున్నారు. అధికారుల గ్యాలరీలో కూర్చున్న హంపమ్మకు పద్దుల అంకెలు ఒకదాని వెనక ఒకటి వినిపించాయి. ఆరు, ఏడు, ఎనిమిది. ఔనన్నవారే ఎక్కువ, ఔనన్నవారే ఎక్కువ. ఒక్కో అంకెకూ ఎక్కడో ఒక చోట వాన పడుతుంది, ఇంకెక్కడో ఆగుతుంది. ఆ అంకెలన్నీ ఆమె రాసినవే.

"పద్దు ముప్పై ఒకటి. దీనిమీద కిల్లో సుభద్ర గారి కోత తీర్మానం ఉంది. సభ్యురాలు ఉపసంహరించుకుంటున్నారా?"

సుభద్ర లేచింది. కూటమి విప్ అప్పటికే ఆమె వెనక వరసలోకి వచ్చి వంగి ఏదో చెబుతున్నాడు.

"మంత్రి గారు ఒక మాట చెబితే తీసుకుంటానండి. ఈ ఏడే మా తుంపర మాకు వదుల్తామని."

మంత్రి లేవలేదు. విప్ వైపు చూశాడు. ఆ ఒక్క మాట ఇస్తే ఇంకో పది ప్రాంతాల వాళ్లు లేస్తారని ఆయన భయం. స్పీకర్ గడియారం చూశాడు. "చర్చకు సమయం లేదమ్మా. ఉపసంహరించుకుంటున్నారా, లేదా?"

"లేదండి. ఓటుకు పెట్టండి."

విప్ గట్టిగానే అన్నాడు. "సభ్యత్వం పోతుంది సుభద్రా, కూర్చో."

ఆమె కూర్చోలేదు.

మూజువాణి ఓటులో కాదన్నవారే ఎక్కువ అని స్పీకర్ ప్రకటించాడు. సుభద్ర డివిజన్, అంటే లెక్కపెట్టే ఓటు, కోరింది. గంటలు మోగాయి. సంచులు సర్దుకున్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు. తలుపులు మూశారు. తెర మీద ఆకుపచ్చ, ఎరుపు అంకెలు పెరుగుతూ పోయి ఆగాయి. అనుకూలం రెండు వందల యాభై ఎనిమిది. ప్రతికూలం రెండు వందల యాభై ఐదు.

ఆమెతో కలిపి కూటమిలోనే తొమ్మిది మంది విప్‌ను కాదని ఓటేశారు. ఒకాయన ఒడిశా కొండల వాడు, ఒకామె పడమటి కనుమల నుంచి. పేర్లు ఆ తర్వాత పేపర్లో వచ్చాయి. అందరి ప్రాంతాల పక్కనా పట్టికలో 'మిగులు' అనే ఉంది.

కాసేపు సభలో ఎవరికీ ఏమి చెయ్యాలో తోచలేదు. సుభద్ర మాత్రం నిలబడే ఉంది. ముఖంలో సంతోషం లేదు. ఆమె ఒక మాట అడిగింది. దొరికింది వేరే.

ఆ సాయంత్రమే ప్రభుత్వం రాజీనామా చేసింది. వేరే ఎవరికీ బలం లేక వారం తిరక్కుండా సభ రద్దయింది. ఎన్నికలు పూర్తయ్యేసరికి అక్టోబరు. వర్ష వినిమయ బిల్లు సభ ముందుకే రాలేదు. నలభై ఏడు పద్దులూ పోయాయి. రెండు టీఎంసీలు అడిగిన హంపమ్మకు ఆ ఏడు ఒక్క చుక్క జరిపే అధికారమూ లేకుండా పోయింది.

*

జూన్‌లో పడ్డ తొలకరికి హులికుంటలో వేరుశనగ విత్తారు. తర్వాత వాన లేదు. జూలై మూడో వారంలో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. మంచి నిండు మబ్బు. నియంత్రణ కేంద్రంలో ఆపరేటర్లు తెర ముందు కూర్చుని డైరెక్టరు వైపు చూస్తున్నారు. ఏ నావలు ఎక్కడ నిలబెట్టాలో వాళ్లకు కంఠతా వచ్చు.

పదిన్నరకు కార్యదర్శి ఫోన్ చేశాడు. "మేడమ్, నాలుగు నావలు చాలు కదా. శిక్షణ ప్రయోగమని రాసుకుందాం. రాయదుర్గం వైపు గొడవలవుతున్నాయి. మీ ఊరు కూడానూ."

"సభ లేదు కదండీ."

"అందుకే చెబుతున్నాను. అడిగేవాళ్లు లేరు."

ఆమె ఫోన్ పెట్టేసింది. అరగంటకు తిప్పేస్వామి చేశాడు. మార్చి తర్వాత తమ్ముడి గొంతు వినడం అదే.

"అక్కా, శనక్కాయ చెట్టు ఊడలు భూమిలోకి దిగే టైము. పైమట్టి రాయి మాదిరి అయిపోయింది. ఊడ యాడ దిగుతుంది? టీవీలో చూస్తాండా, సముద్రంలో మబ్బుండాది. ఒక్క వానక్కా. ఇంగేం అడగను."

"ఓటు లేదు స్వామీ."

"ఓటా? నువ్వు కనిపెట్టిన దానికి నీకే ఓటు గావాల్నా?"

"కావాలి."

"అది మనుషులు రాసుకున్న కాగితమక్కా."

"అవును. ఆ కాగితం లేకపోతే ఈ మబ్బు నాది. రేపు నా కుర్చీలో కూర్చునేవాడిది. అప్పుడు నువ్వు ఎవరిని అడుగుతావు?"

అవతల ఫోన్ కట్టయింది.

హంపమ్మ ఆపరేటర్లను ఇళ్లకు పొమ్మంది. ఎవరూ కదల్లేదు. తెర మీద మబ్బు తీరం చేరింది. నాలుగు నావలు సన్న ఉప్పు చల్లితే చాలు, ఎల్లుండికి హగరి మీద ఉంటుంది. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మధ్యాహ్నం రెండింటికి భీమునిపట్నంలో చినుకులు మొదలయ్యాయి. మూడింటికి మబ్బు కొండలెక్కింది. ఇక ఎవరూ ఏమీ చేయలేరని తెలిశాక వరండాలోకి వెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

కొండల మీద నాలుగు రోజులు తెరిపి లేకుండా తుంపర కురిసింది. ఐదో రోజు సుభద్ర ఫోన్ చేసింది.

"గెడ్డ కదిలిందండి. ఊట దగ్గర బిందె పెడితే తల తిప్పేలోగా నిండిపోతంది. మా పిన్ని మిమ్మల్ని అడిగింది. ఇంకోటి కూడా చెప్పాలి. ఎండిన గెడ్డ ఒడ్డున రెండిళ్లు కట్టుకున్నారు, ఈ మధ్యే. వాలు జారింది. ఒక ముసలాయన దొరకలేదండి."

"పేరేమిటి?"

"సీదరి మంగులు."

"అన్నేళ్లు ఎండిన మట్టి ఒక్కసారిగా తడిస్తే జారుతుందని నాకు తెలిసుండాలి."

"నాకూ తెలియాలి కదండీ. ఆ ఊరి దాన్ని నేను. ఓటుకు పెట్టమంది నేను." అంది సుభద్ర. "మళ్లీ నిలబడతన్నాను మేడమ్. పార్టీ టికెట్టివ్వదు. సొంతంగానే. ఈసారి మంత్రి చేత మాట అనిపించేదాకా కూర్చోను. మీ హగరోళ్లు కూడా ఎవరైనా వస్తే కలిసి అడుగుతాం."

*

ఆగస్టు చివర హంపమ్మ హులికుంట వెళ్లింది. బస్సు దిగి నడుస్తుంటే అరుగుల మీది వాళ్లు పలకరించలేదు. ఒకాయన లేచి లోపలికెళ్లాడు. తలుపు దగ్గర రుద్రమ్మ, "చేన్లో ఉండాడు వదినా" అని మాత్రం అంది.

వేరుశనగ మోకాలెత్తు కూడా ఎదగలేదు. ఆకు ఎర్రబారి అంచులు మాడాయి. తిప్పేస్వామి సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని ఒక మొక్క పీకి చూస్తున్నాడు. కొమ్మలకు రెండు ఊడలున్నాయి, కాయ లేదు. అక్కను చూసి లేవలేదు. హంపమ్మ వెళ్లి ఎదురుగా మట్టిలోనే కూర్చుంది. వేడి చీర గుండా తగిలింది.

అతను పీకిన మొక్కను వేళ్ల మధ్య తిప్పాడు.

"దానిమ్మ సగం పోయింది. సగం నిలబడొచ్చు, చెప్పలేం."

"ఊ."

"ఓట్లకొచ్చినోళ్లు ఇంగో మూడు టీఎంసీలు ఎక్కువ తెస్తామంటాండారు. ఊరంతా చప్పట్లు కొట్టిరి." మొక్కను పక్కన పడేశాడు. "నేను అడిగితి. యాడి నుంచి తెస్తారప్పా అని. జవాబు చెప్పకుండా పోయిరి."

హంపమ్మ తలెత్తి తమ్ముణ్ణి చూసింది.

"ఆ ఎంపీ యమ్మ ఊర్లో నీళ్లొచ్చినాయా?" అన్నాడు.

"వచ్చాయి. ఒక మనిషి పోయాడు స్వామీ. కొండ జారి."

అతను చేతి మీది మట్టి దులుపుకోవడం ఆపాడు. "వాన పడినందుకా?"

"వాన పడినందుకు. అన్నేళ్లు పడనందుకు."

గాలి లేచింది. చేను కొసన దిబ్బ మీంచి సన్నగా ఇసుక జారి గట్టు మీదికి వచ్చింది. ఇద్దరూ అటు చూశారు.

తిప్పేస్వామి లేచి కంచె దగ్గరికి నడిచాడు. అవతల గొర్రెల కాపరి ఒకడు పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాడు, అడగడానికి మొహమాటపడి. తిప్పేస్వామి ముళ్లకంప లాగి దారి చేశాడు. "తోలుకో రా. ఇంగ దీన్లో ఏం లేదు, మేపుకో" అన్నాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ చేనులోకి దిగాయి. మూడు నెలల చేను కళ్ల ముందు నేలమట్టమవుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చివరి సాలు దాకా నిలబడి చూశాడు.

తర్వాత వెనక్కి వచ్చి, ఎండలో కూర్చున్న అక్కకు చెయ్యందించాడు.

"పా, అన్నం తిందువు. రుద్రమ్మ నీకోసరం జొన్నరొట్టె చేసుంటుంది" అన్నాడు.